చేతిపని నుంచి హక్కు దాకా: దృష్టిలోపం గల వయోజనుల ఉద్యోగ శిక్షణ – చారిత్రక పరిశీలన

ప్రస్తావన

భారతదేశంలో అంధుల విద్యను గురించి జరిగిన చర్చ చాలాకాలం బాలల పాఠశాలల చుట్టూనే తిరిగింది. 1887లో అమృత్‌సర్‌లో అనీ షార్ప్ నెలకొల్పిన పాఠశాలతో ఆ చరిత్రను ప్రారంభించడం పరిపాటి. అయితే చూపులేకుండా పెరిగి పెద్దయిన వ్యక్తి, లేదా నడివయసులో చూపు కోల్పోయిన వ్యక్తి ఏ పని నేర్చుకోవాలి, నేర్చిన పనికి కూలి ఎవరు చెల్లించాలి అన్న ప్రశ్న బాలల విద్యా సమస్యకు కొనసాగింపు మాత్రమే కాదు. బడి ఒక బాలుణ్ణి చేర్చుకున్నప్పుడు సమాజం ఇచ్చేది ఆదరణ. ఒక కార్యాలయం ఒక వయోజనుణ్ణి చేర్చుకున్నప్పుడు ఇవ్వవలసింది జీతం, అధికారం, బాధ్యత. ఆదరణ చూపడానికి వెనుదీయని సమాజం అధికారం ఇవ్వడానికి చాలాకాలం సంకోచించింది.

గడచిన నూరేళ్ల చరిత్రలో ఈ ప్రశ్నకు మూడు సమాధానాలు కనిపిస్తాయి. మొదటిది చేతిపని. రెండవది ప్రభుత్వం గుర్తించి జాబితాలో చేర్చిన ఉద్యోగం. మూడవది హక్కు. ఈ మూడు దశలు ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా తొలగిపోలేదు; ఒకదానిపై ఒకటి పేరుకున్నాయి. అన్నిటిలోనూ అంతర్లీనంగా ఉన్న ప్రశ్న ఒక్కటే: చూపులేని వ్యక్తి ఏ పని చేయగలడో నిర్ణయించే అధికారం ఎవరిది? ఈ కోణం నుంచి ఆ చరిత్రను పరిశీలించి, అందులో తెలుగు భాషకూ తెలుగు పాఠ్యానికీ గల పాత్రను నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

విజయనగరం: రాజాశ్రయం, విద్యాశిక్షణ

ఆధునిక సంస్థలు రాకముందు చూపులేనివారికి సమాజం సమ్మతించిన గౌరవప్రదమైన వృత్తులలో సంగీతం ముఖ్యమైనది. భజన గానం, హరికథ, వాద్యం మొదలైనవి శ్రుతిపరంపరలో సాగే విద్యలు కావడం దీనికి కారణం. ఈ సంప్రదాయం సంస్థారూపం ధరించిన సందర్భం విజయనగరంలో కనిపిస్తుంది. 1919లో అక్కడ వెలసిన మహారాజా సంగీత కళాశాల, సంస్థానాశ్రితులలో ఒకరి చూపులేని కుమారునికి సంగీత విద్య గరపాలన్న సంకల్పం నుంచి పుట్టిందని ప్రతీతి. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. దృష్టిమాంద్యం వల్ల బడిచదువు కొనసాగించలేకపోయిన ద్వారం వెంకటస్వామి నాయుడు అదే కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షులయ్యారు.

ఈ ఉదంతాన్ని ఒక మహావిద్వాంసుని వ్యక్తిగత విజయంగా చెప్పుకోవడం అలవాటు. సంస్థాచరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక అంశం ఉంది. ఆ కళాశాల కంటిచూపును అర్హతగా పెట్టలేదు. విద్యను అర్హతగా పెట్టింది. నల్లబల్ల మీది అక్షరాలు కనిపించక బడిలో వెనుకబడిన వ్యక్తి, చెవి ప్రధానమైన చోట ఆచార్యుడయ్యాడు. మారింది వ్యక్తి కాదు, అతణ్ణి కొలిచిన కొలమానం. తరువాతి కాలంలో చట్టం సుదీర్ఘ వివాదాల మీదుగా చేరుకున్న సూత్రానికి ఇది అనుద్దిష్టమైన పూర్వరూపం. అయితే ఈ అవకాశం రాజాదరణకు లోబడినది. ఆశ్రయమిచ్చే ప్రభువు లేనిచోట అదే విద్య యాచకవృత్తిగా మిగిలిపోయింది.

యుద్ధం, డెహ్రాడూన్, చేతివృత్తులు

వయోజన శిక్షణ ప్రభుత్వ బాధ్యతగా రూపొందడానికి యుద్ధం కారణమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం ఆర్థర్ పియర్సన్ 1915లో లండన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ సంస్థను నెలకొల్పాడు. పియర్సన్ స్వయంగా చూపు కోల్పోయిన పత్రికాధిపతి. అదే సంవత్సరం గలిపోలి యుద్ధంలో చూపు కోల్పోయిన న్యూజిలాండ్ సైనికుడు క్లూథా మెకంజీ ఆ సంస్థలో శిక్షణ పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, భారతీయ సైనికుల కోసం డెహ్రాడూన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ వసతిగృహం ఏర్పడినప్పుడు దాన్ని నడిపించినది ఆయనే. భారతదేశంలో అంధత్వ స్థితిగతులపై 1944లో వెలువడిన ప్రభుత్వ నివేదిక కూడా ఈ నేపథ్యంలోనిదే.

స్వాతంత్ర్యానంతరం ఆ పునాది మీద కేంద్ర ప్రభుత్వం 1950లో అంధ పురుషుల శిక్షణ కేంద్రాన్ని డెహ్రాడూన్‌లో ప్రారంభించింది. 1951లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం ఏర్పడింది. స్త్రీల కోసం శిక్షణ కేంద్రం 1957లో గాని రాలేదు. ఈ 7 సంవత్సరాల వ్యవధి గమనించదగినది. చూపులేని పురుషుణ్ణి సంపాదించవలసినవాడిగా గుర్తించిన వ్యవస్థ, చూపులేని స్త్రీని కుటుంబం పోషించవలసిన వ్యక్తిగానే భావించిందని ఈ తేదీలు సూచిస్తాయి.

ఈ కేంద్రాల్లోనూ, వీటి నమూనాలో దేశమంతటా వెలసిన సంస్థల్లోనూ శిక్షణ ప్రధానంగా చేతివృత్తులదే. బేతు కుర్చీల అల్లిక, నేత, బుట్టల అల్లకం, కొవ్వొత్తుల తయారీ వంటివి అందులో ముఖ్యమైనవి. స్పర్శతో సాధ్యమైనవి, ఒకచోట కూర్చుని చేయగలిగినవి, ప్రమాదం తక్కువైనవి అన్నవి వీటి ఎంపికకు ప్రాతిపదికలు. ఇవేవీ నిరాధారమైనవి కావు. కాని ఎంపిక చేసినవారు చూపున్నవారు. నేర్చుకునేవారి అభిరుచి, పూర్వానుభవం, చదువు ఆ ఎంపికలో ప్రమేయం లేని విషయాలయ్యాయి. నడివయసులో చూపు కోల్పోయిన ఉపాధ్యాయునికీ వ్యవసాయదారునికీ దొరికే శిక్షణ ఒకటే అయింది. అంధత్వం అన్న ఒక్క లక్షణం వ్యక్తి తక్కిన లక్షణాలన్నిటినీ మింగివేసింది.

అదేకాలంలో జరిగిన మరొక పరిణామం దీనికి భిన్నమైన దారిని తెరిచింది. దేశంలో ప్రాంతానికొక విధంగా ఉన్న బ్రెయిలీ పద్ధతుల స్థానంలో 1951లో భారతి బ్రెయిలీ స్థిరపడింది. ఒకే ధ్వనికి అన్ని భారతీయ భాషల్లో ఒకే చుక్కల అమరిక అన్నది దాని మూలసూత్రం. తెలుగు ‘క’కు, హిందీ ‘క’కు బ్రెయిలీలో భేదం లేదు. లిపిభేదం వేలికి తెలియని ఈ పద్ధతి వల్ల పుస్తక ముద్రణ సులభమై, ఉన్నత విద్యకు మార్గం ఏర్పడింది. పట్టభద్రులు తయారైనప్పుడు బుట్టల అల్లకం వారికి సమాధానం కాలేకపోయింది.

యంత్రం ఇచ్చినవి, తీసుకున్నవి

1959లో బొంబాయిలో వికలాంగుల కోసం తొలి ప్రత్యేక ఉపాధి కల్పన కార్యాలయం ఏర్పడింది. 1968లో బొంబాయితో పాటు హైదరాబాదులో వృత్తి పునరావాస కేంద్రం ప్రారంభమైంది. అభ్యర్థి శక్తిని పరీక్షించి, తగిన పనిలో శిక్షణ ఇచ్చి, ఉద్యోగదాతతో సంప్రదించడం ఇటువంటి కేంద్రాల పని. శిక్షణకూ నియామకానికీ మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చే ప్రయత్నంగా వీటికి చారిత్రక ప్రాధాన్యం ఉంది.

ఈ కాలంలో చదువుకున్న అంధులకు టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం, టైపు, సంక్షిప్తలిపి ఆదర్శ వృత్తులుగా భాసించాయి. స్విచ్‌బోర్డు ముందు కూర్చున్న వ్యక్తికి కావలసినవి చెవి, జ్ఞాపకశక్తి, వేళ్ల నేర్పు. కాని యంత్రం ఇచ్చిన ఉద్యోగాన్ని యంత్రమే తీసుకుంది. స్వయంచాలక ఎక్స్ఛేంజీలు వచ్చాక ఆపరేటర్ అవసరం తగ్గింది. కంప్యూటర్ వచ్చాక టైపిస్టు ఉద్యోగం కనుమరుగైంది. బేతు కుర్చీ స్థానంలో ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఒక వృత్తి అంతరించినప్పుడు చూపున్న కార్మికుడు మరో వృత్తికి మారే ప్రయత్నం చేయగలడు. నాలుగైదు వృత్తులకే పరిమితం చేసిన సమూహానికి ఒక్కో వృత్తి అంతరించడం నాలుగోవంతు, ఐదోవంతు ప్రపంచం మూసుకుపోవడంతో సమానం. శిక్షణను నిర్దిష్టమైన పనికి ముడివేయడంలోని ప్రమాదం ఇక్కడ స్పష్టమవుతుంది.

జాబితా రాజకీయం

1977లో కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం రిజర్వేషన్ కల్పించింది. అందులో 1 శాతం దృష్టిలోపం గలవారికి. ఇది పెద్ద ముందడుగు. అయితే పై శ్రేణులు దీని పరిధిలో లేవు. పనిచేసే అర్హత ఉందని అంగీకరించిన ప్రభుత్వం, పని చేయించే అర్హత ఉందని అప్పటికి అంగీకరించలేదు. ఆదేశం కాగితం మీద ఉన్నా అమలు కొరవడడంతో అంధుల సంఘాలు వీధికెక్కాయి. 1980 మార్చిలో ఢిల్లీలో ప్రదర్శన జరుపుతున్న అంధులపై పోలీసులు లాఠీచార్జి చేశారు. సంక్షేమ గ్రహీతలుగా భావించినవారు పౌరులుగా నిలబడిన సందర్భమది.

1986లో నిపుణుల సంఘం గ్రూప్ ఎ, బి శ్రేణుల్లో వికలాంగులు నిర్వహించగల 416 రకాల ఉద్యోగాలను గుర్తించింది. జాతీయ అంధుల సమాఖ్య వేసిన వ్యాజ్యంలో 1993లో సర్వోన్నత న్యాయస్థానం, సివిల్ సర్వీసుల పరీక్షను అర్హులైన అంధ అభ్యర్థులు బ్రెయిలీలో గాని, లేఖకుని సహాయంతో గాని రాయడానికి అనుమతించాలని ఆదేశించింది. 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలులోకి వచ్చిన 1995 నాటి వికలాంగుల చట్టం 3 శాతం రిజర్వేషన్‌కు శాసన బలం చేకూర్చింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగిన వ్యక్తిని తొలగించరాదన్న నిబంధన కూడా ఆ చట్టంలోనిదే. నడివయసులో చూపు కోల్పోయినవారికి ఇది శిక్షణ కన్నా ముందు కావలసిన రక్షణ.

ఈ చట్టంలో రెండు సెక్షన్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి తగిన ఉద్యోగాలను గుర్తించమంటుంది. మరొకటి రిజర్వేషన్ కల్పించమంటుంది. గుర్తింపు పూర్తయితే గాని రిజర్వేషన్ వర్తించదన్నది ప్రభుత్వ వాదన. అంటే జాబితా తయారుచేయవలసినవారే జాబితా తయారు కాలేదని చెప్పి అవకాశాన్ని నిరాకరించడం. 2006 నాటి సివిల్ సర్వీసుల పరీక్షకు సంబంధించిన రవిప్రకాశ్ గుప్తా వ్యాజ్యంలో 2010లో సర్వోన్నత న్యాయస్థానం ఈ వాదాన్ని తోసిపుచ్చింది. గుర్తింపులో జాప్యం రిజర్వేషన్‌ను నిరాకరించడానికి సాకు కారాదన్నది ఆ తీర్పు సారాంశం. 2013లో జాతీయ అంధుల సమాఖ్య వ్యాజ్యంలో, అన్ని శ్రేణుల్లోనూ 3 శాతాన్ని మొత్తం ఖాళీల మీద లెక్కించాలని, గుర్తించిన పోస్టుల మీద మాత్రమే కాదని అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. చట్టం వచ్చిన నాటి నుంచి దాని లెక్క తేలేసరికి 17 సంవత్సరాలు గడిచాయి. ఆ కాలంలో వయోపరిమితి దాటిపోయిన అభ్యర్థికి తీర్పు తిరిగి ఇవ్వగలిగినది చాలా తక్కువ.

సర్దుబాటు: కొలమానం మార్పు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. రిజర్వేషన్ 4 శాతానికి పెరిగింది. అంధత్వం, అల్పదృష్టి గలవారి వాటా 1 శాతంగానే నిలిచింది. నిర్వచనం మాత్రం మారింది. మెరుగైన కంటి చూపు 6/60కి మించకపోతే అంధత్వమని 1995 చట్టం పేర్కొనగా, 3/60 కన్నా తక్కువైతేనే అంధత్వమని కొత్త చట్టం నిర్ణయించింది. రెంటి మధ్య ఉన్నవారు అంధత్వం నుంచి అల్పదృష్టి వర్గంలోకి మారారు. ఎవరు అంధులన్నది వైద్యం ఒక్కటే చెప్పే విషయం కాదని, శాసనం కూడా చెప్పే విషయమని ఈ మార్పు తెలుపుతుంది.

ఈ చట్టంలోని కీలకభావన ‘సహేతుక సర్దుబాటు’. వ్యక్తిని ఉద్యోగానికి తగినట్లు మలచడం పూర్వపు శిక్షణ లక్ష్యం. ఉద్యోగ పరిస్థితిని వ్యక్తికి తగినట్లు సవరించడం ఉద్యోగదాత బాధ్యత అన్నది ఈ భావన సారం. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, లేఖకుని సహాయం, తెరపాఠక సాఫ్ట్‌వేర్ ఇటువంటి సర్దుబాట్లే. జాబితా పద్ధతి మాత్రం తొలగిపోలేదు. 3 సంవత్సరాలకు మించని వ్యవధిలో దాన్ని సమీక్షించాలని చట్టం విధించింది. 2021 జనవరిలో ప్రకటించిన కేంద్ర జాబితాలో వివిధ వైకల్యాలు గలవారికి అనువైన 3,566 పోస్టులు ఉన్నాయి. వాటిలో 1,046 గ్రూప్ ఎ శ్రేణివి. 1986 నాటి 416 రకాలతో వీటిని నేరుగా పోల్చడం శాస్త్రీయం కాకపోయినా, ఊహ విస్తరించిన దిశ తెలుస్తుంది.

న్యాయాధికారి పదవి విషయం ఈ పరిణామానికి గీటురాయి. 2019లో సురేంద్ర మోహన్ వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం, తమిళనాడులో సివిల్ జడ్జి పదవికి దృష్టిలోపం 50 శాతం మించరాదన్న పరిమితిని సమర్థించింది. 2021లో వికాస్ కుమార్ వ్యాజ్యంలో, సహేతుక సర్దుబాటు సూత్రాన్ని పట్టించుకోని ఆ తీర్పు ఇక ప్రమాణం కాజాలదని అదే న్యాయస్థానం పేర్కొంది. 2025 మార్చి 3న, దృష్టిలోపం గలవారిని న్యాయసేవల నుంచి మినహాయించిన మధ్యప్రదేశ్ నియమాన్ని కొట్టివేసింది. న్యాయదేవత కళ్లకు గంతలు కట్టి నిష్పాక్షికతకు ప్రతీకగా నిలిపిన వ్యవస్థ, చూపులేని న్యాయాధికారిని అంగీకరించడానికి ఇంతకాలం పట్టడం గమనార్హం.

తెలుగునాట ఈ కొలమానపు మార్పుకు మచిలీపట్నం ప్రాంతంలో 1991లో జన్మించిన బొల్లా శ్రీకాంత్ జీవితం నిదర్శనం. పదవ తరగతి తరువాత విజ్ఞానశాస్త్ర విభాగంలో చేరడానికే ఆయన న్యాయపోరాటం చేయవలసివచ్చింది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, 2012లో హైదరాబాదు కేంద్రంగా బొల్లాంట్ ఇండస్ట్రీస్‌ను స్థాపించి వికలాంగులకు ఉపాధి కల్పించారు. ఉద్యోగార్థిగా భావించిన వ్యక్తి ఉద్యోగదాత కావడం ఇందులోని విశేషం. అయితే ఒక్కరి విజయాన్ని వ్యవస్థ సాధించిన విజయంగా భావించడం పొరపాటు. న్యాయస్థానానికి వెళ్లగలిగినవారి చరిత్ర లిఖితమవుతుంది; వెళ్లలేక విరమించుకున్నవారి చరిత్ర మిగలదు.

మాట, పాఠ్యం

ఈ చరిత్రలో తెలుగు భాషకు రెండు పాత్రలు ఉన్నాయి. మొదటిది పదజాలం. ‘గుడ్డి నమ్మకం’, ‘గుడ్డి అనుకరణ’, ‘అంధవిశ్వాసం’ వంటి సమాసాల్లో చూపులేమి అవివేకానికి పర్యాయమైంది. వాడుకలో ఇది ఎంత సహజమైనా, చూపులేనివాడు తెలియనివాడన్న భావనను అది తరతరాలకు అందిస్తుంది. అధికారిక వ్యవహారంలో ‘వికలాంగులు’ స్థానంలో 2015 డిసెంబరులో ప్రధానమంత్రి ప్రతిపాదించిన ‘దివ్యాంగులు’ వ్యాప్తిలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వ్యవహారంలో ‘విభిన్న ప్రతిభావంతులు’ నిలిచింది. ఈ రెండూ గౌరవసూచకాలే. కాని దివ్యత్వాన్ని ఆపాదించే మాట వ్యక్తిని మళ్లీ సామాన్యుల వరుస నుంచి తప్పిస్తుంది. ఉద్యోగార్థి కోరేది సామాన్యుల వరుసలో చోటే. ఈ కారణం వల్ల ‘దృష్టిలోపం గలవారు’, ‘చూపులేనివారు’ అన్న నిరలంకారమైన మాటలు శాస్త్రీయ రచనకు ఉచితంగా తోస్తాయి.

రెండవది, అంతకన్నా ముఖ్యమైనది, పాఠ్యం. నేటి ఉద్యోగ శిక్షణకు ఆధారం తెరపాఠకం. మోటారుసైకిల్ పందెగాడై ఉండి 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయిన అమెరికన్ టెడ్ హెంటర్, కంప్యూటర్ విద్య నేర్చుకుని, 1989లో జాస్ తెరపాఠకాన్ని వెలువరించాడు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ ప్రారంభించిన ఎన్‌వీడీఏ ఉచితంగా లభిస్తుంది. ఆయన కూడా చూపులేనివారే. వయోజన శిక్షణ చరిత్రలో అత్యంత ప్రభావశీలమైన సాధనాలను చూపులేనివారే తమకోసం నిర్మించుకున్నారన్నది ఇక్కడి విశేషం. వృత్తిని మార్చకుండా ఏ వృత్తికైనా ఉపకరించే సాధనం కావడం వల్ల, పనికి ముడిపడిన పాత శిక్షణలోని లోపాన్ని ఇది సరిదిద్దింది.

అయితే తెరపాఠకం చదివేది అక్షరరూపాన్ని కాదు, దాని వెనుక ఉన్న సంకేతాన్ని. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించింది. అయినా తెలుగు ప్రచురణరంగం చాలాకాలం యూనికోడేతర ఖతులనే వాడింది. అటువంటి ఖతిలో తెరమీద కనిపించేది తెలుగు అక్షరం. లోపల ఉన్నది లాటిన్ అక్షరపు సంకేతం. తెరపాఠకానికి అది అర్థంలేని ధ్వనుల వరుస. పుటలను ఛాయాచిత్రాలుగా భద్రపరచిన దస్త్రమైతే పూర్తిగా మౌనం. 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ వికలాంగులకు అనువైన ప్రతుల తయారీకి అనుమతించింది. 2013 నాటి మరాకేశ్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచ దేశాలన్నిటికన్నా ముందుగా భారతదేశం ధ్రువీకరించింది. చట్టం తలుపు తెరిచిన తరువాత కూడా ఖతి తలుపు మూసే ఉండవచ్చు.

దీని ఫలితం ఉద్యోగరంగంలో నేరుగా కనిపించేదే. తెలుగులో స్నాతకోత్తర పట్టం పొందిన చూపులేని విద్యార్థి అధ్యాపక అర్హత పరీక్షకు సిద్ధం కావాలంటే కావ్యపాఠాలు, విమర్శ గ్రంథాలు, పరిశోధన పత్రికలు చదవాలి. ఆంగ్ల సాహిత్య విద్యార్థి తెరపాఠకంతో స్వయంగా చదవగలిగినచోట, తెలుగు విద్యార్థి చదివిపెట్టేవారి కోసం ఎదురుచూడవలసి వస్తుంది. మాతృభాషా సాహిత్యాన్ని ఎన్నుకున్నందుకు అదనపు శ్రమ చెల్లించడమిది. ఛందస్సు, అలంకారం, వ్యాకరణం ప్రధానంగా శ్రవణగ్రాహ్యమైన విద్యలు. ధారణ, అవధాన సంప్రదాయాలను గౌరవించే శాస్త్రంలో చెవితో చదివేవారికి ప్రవేశం కష్టం కావడం విరోధాభాసం కాదు, వాస్తవ విరోధం.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు తేలుతున్నాయి. ఒకటి: వయోజన శిక్షణ చరిత్రలో శిక్షణార్థి సామర్థ్యం కన్నా నిర్ణేతల ఊహాపరిమితి ఎక్కువ అడ్డంకి అయింది. బుట్టల అల్లకం నుంచి న్యాయాధికారి పీఠం వరకు విస్తరించినది మొదట చూపున్నవారి ఊహే. రెండు: నిర్దిష్టమైన పనిని నేర్పే శిక్షణ ఆ పనితో పాటే అంతరిస్తుంది, చదువునూ సమాచారాన్నీ అందుబాటులోకి తెచ్చే శిక్షణ నిలుస్తుంది. మూడు: హక్కును చట్టం ప్రకటించినా, దాన్ని అనుభవానికి తెచ్చేవి చిన్న చిన్న ఏర్పాట్లు. గంటకు 20 నిమిషాలు, ఒక లేఖకుడు, చదవగలిగిన ఒక దస్త్రం అటువంటివి.

వీటిలో చివరిది తెలుగు శాఖల చేతిలో ఉన్న పని. సిద్ధాంత గ్రంథాలను, పాఠ్యప్రణాళికలను, పత్రికా సంచికలను యూనికోడ్ పాఠ్యంగా భద్రపరచడానికి కొత్త చట్టం అక్కరలేదు. పాత సంచికలను మార్చడానికి శ్రమ కావాలి. కొత్తవాటికి నిర్ణయం చాలు. 1919లో విజయనగరంలో ఒక విద్యాసంస్థ చూపును కాక విద్యను అర్హతగా గ్రహించింది. ఆ గ్రహింపు ఇప్పుడు రాజాదరణ మీద ఆధారపడనవసరం లేదు. అది ఒక పత్రిక ఏ ఖతిలో అచ్చవుతున్నది, ఒక గ్రంథం ఏ రూపంలో దొరుకుతున్నది అన్న మామూలు విషయాల మీద ఆధారపడి ఉంది.